సెల్ఫ్ అన్న మాట గడి మారిన రోజు

అందరికీ నమస్కారం. గంటస్తంభం చుట్టూ తిరిగి పెరిగిన విజయనగరం వాళ్ల ముందు మా చినతాత సంగతి చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంది. ఇన్నేళ్లూ మా ఇంట్లో ఆ కథ తప్పుగానే చెప్పుకున్నాం మరి.

చినతాత యుద్ధకాలంలో సీమకెళ్లి విమానం నేర్చుకున్నాడట. 1940లో ఇంగ్లండ్ వెళ్లిన 24 మంది భారత పైలట్లలో ఆయనా ఒకడట. మామ్మ ఒక్కతే, "విశాఖలో బాంబులు పడ్డాక కదరా వాడెళ్లింది" అనేది. ఎవరూ చెవిన పెట్టలేదు. జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేసింది 1942 ఏప్రిల్ 6న. పైగా ఆ 24 మందీ అప్పటికే విమానం నడపడం వచ్చినవాళ్లు. మా చినతాతకి అప్పటికి సైకిలొక్కటే వచ్చు.

ట్రంకుపెట్టెలో, పెళ్లి పట్టుపంచె కింద, ఆయన లాగ్‌బుక్, అంటే ఎగిరిన ప్రతిసారీ పైలట్ రాసుకునే పుస్తకం, దొరికింది. మొదటి పేజీలో ఊరు లండన్ కాదు, బేగంపేట! విమానం టైగర్‌మాత్. పైలట్ అన్న గడిలో శిక్షకుడి పేరు, పక్కన రెండో పైలట్ గడిలో 'సెల్ఫ్', అంటే తనే. రోజూ ఇదే వరస. ఒక రోజు మాత్రం 'సెల్ఫ్' మొదటి గడిలోకి జరిగింది. పక్క గడి ఖాళీ. సమయం పది నిమిషాలు. అంటే ఆ రోజు మొదటిసారి ఒంటరిగా ఎగిరాడు. పది నిమిషాల సిరా మరకని నేను అరగంట చూశాను.

తర్వాత కొన్ని పేజీలు దాటాక ఎగురుడే లేని నెలలొచ్చాయి. జబ్బు చేసిందేమో అనుకున్నాను. ఆ ఖాళీ తర్వాత వచ్చినవి ఇంగ్లండ్ ఊళ్లు, విమానం మైల్స్ మాస్టర్. ఆ నెలలు ఆయన ఓడలో ఉన్నాడన్నమాట. సీమ మాట అబద్ధం కాదు, మొదట్లో పెట్టి చెప్పడమే తప్పు.

ఆయన రికార్డుల కోసం ఇంగ్లండ్‌లో ఒక ఆఫీసుకి రాశాను. నెలల తర్వాత, మా దగ్గర లేదు అని రెండు ముక్కల జవాబు. తప్పు నాదే. ఆయన సర్వీసు నంబరు ముందు 'ఇండ్' అని ఉంది, అది భారత వైమానిక దళం గుర్తు. నేను వెతికింది బ్రిటిష్ దళం జాబితాల్లో. ఆయన శిక్షణ పొందిన స్కూలు డైరీలు మాత్రం లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, 'ఎయిర్ 29' అనే కాగితాల వరసలో వెతకాలి. ఇంకో తిప్పలు, ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి. ఇంగ్లీషు గుమాస్తా చివరి మాటే ఇంటిపేరనుకుంటాడు. రెండు విధాలా వెతకండి.

లాగ్‌బుక్ ఈ బల్ల మీదే పెట్టాను. చేతులు తుడుచుకుని చూడండి, అంచులు పొడిలా రాలుతున్నాయి. 'సెల్ఫ్' జరిగిన పేజీలో తాటాకు ముక్క పెట్టాను.