ఆర్‌సింక్ కాపీని బ్యాకప్ అనకండి!

నమస్కారం అండీ! "రోజూ రాత్రి క్రాన్‌లో ఆర్‌సింక్ నడుస్తోంది, డిలీట్ ఆప్షన్ కూడా పెట్టాం, ఇంక రెస్టిక్ ఎందుకు?" పోయిన వీడియో కింద కామెంట్లలో ఇదే గొడవ. (కొత్తవాళ్లకి: ఆర్‌సింక్ అంటే ఫోల్డర్లని ఇంకో మెషీన్‌లోకి కాపీ చేసే టూల్. క్రాన్ అంటే చెప్పిన టైమ్‌కి పనులు నడిపేది. డిలీట్ ఆప్షన్ అంటే ఇక్కడ చెరిపినవి అక్కడా చెరిపేది. రెస్టిక్ అంటే బ్యాకప్ టూల్.) మళ్లీ చెప్తున్నా, ఇంకా గట్టిగా చెప్తున్నా: అది బ్యాకప్ కాదు! సాయంత్రం పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేశారు. రాత్రి రెండింటికి ఆర్‌సింక్ వచ్చి అవతలి సర్వర్‌లో కూడా దాన్ని శుభ్రంగా చెరిపేస్తుంది. ఇప్పుడెవరు దిక్కు?

నా నమ్మకం ఒకటే. డిస్క్ చెడిపోయి పోయే డేటా కంటే మన చేత్తో మనం పోగొట్టుకునేదే ఎక్కువ. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్ గుర్తుందా? 2017 జనవరి 31. రెప్లికా సర్వర్ (అసలు డేటాబేస్‌కి ఎప్పటికప్పుడు అప్‌డేటయ్యే నకలు) అనుకుని ఒక ఇంజనీర్ అసలు డేటాబేస్ సర్వర్‌లో ఆర్‌ఎం, అంటే ఫైళ్లు చెరిపే కమాండ్, కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలోనే ఆపేశాడు. అప్పటికే 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ! రోజూ తీయాల్సిన డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైల్‌గా తీసే కాపీ) చూస్తే, సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు ఎవరికీ చేరట్లేదు. చివరికి ఏం కాపాడింది? టెస్టింగ్ పని కోసం ఆరు గంటల ముందు తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచిన కాపీ. స్నాప్‌షాట్ అండీ, రెప్లికా కాదు!

అందుకే రెస్టిక్ అని అంతలా అరుస్తున్నాను. ఉబుంటులో ఆప్ట్ ఇన్‌స్టాల్ రెస్టిక్, అంతే. అవతలి మెషీన్‌లో రెస్టిక్ వేయక్కర్లేదు, ఎస్‌ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు సురక్షితంగా పంపే పద్ధతి) పనిచేస్తే చాలు. ఆ మెషీన్ అడ్రస్ ఇచ్చి ఒక్కసారి ఇనిట్ కొట్టండి (బ్యాకప్ దాచే చోటుని సిద్ధం చేసే కమాండ్), తర్వాత రోజూ బ్యాకప్ కమాండ్. ఫైళ్లను ముక్కలు చేసి, అక్కడ లేని ముక్కల్ని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. 50 జీబీ ఫోల్డర్‌లో నాలుగు ఫైళ్లు మారితే వెళ్లేది ఆ మార్పులే. అయినా ఏ రోజు స్నాప్‌షాట్ తెరిచినా ఆ రోజున్న ఫోల్డర్ మొత్తం కనిపిస్తుంది!

ఆర్‌సింక్‌లో లింక్‌డెస్ట్ అనే ఆప్షన్ ఉంది కదా అంటారా? ఉంది. తేదీలవారీగా కాపీలు ఉంచుతుంది, మంచిదే. మరి మీ క్రాన్‌లో అది ఉందా? వెళ్లి చూడండి.

పాత స్నాప్‌షాట్లు తీసేయడానికి ఫర్గెట్, ప్రూన్ అనే కమాండ్లు ఉన్నాయి, అవి తర్వాత. ముందు వీడియో పాజ్ చేసి, లేటెస్ట్ స్నాప్‌షాట్‌ని ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేయండి. రెండు ఫైళ్లు తెరిచి చూడండి. ఇంకో మాట, రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే ఆ డేటాని ఎవరూ తెరవలేరు. దాన్ని అదే ల్యాప్‌టాప్‌లో మాత్రమే దాచకండి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.