చీకట్లో పెరిగిన ఎలుకలు, ఫిట్స్ మాత్ర

అందరికీ నమస్కారం. మందు గురించి చెప్పే ముందు కొన్ని ఎలుకల సంగతి చెబుతాను.

న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జన్యు జబ్బు ఉంది. దాని మొదటి రకం సుమారు 3,000 మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఒంటి మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు కనిపిస్తాయి. వీళ్లలో నూటికి 15 నుంచి 20 మందికి కంటి నరంలో ఆప్టిక్ గ్లయోమా అనే కణితి పుడుతుంది, అదీ ఎక్కువగా ఏడేళ్లలోపు. చాలామందికి ప్రాణభయం ఉండదు. భయమంతా చూపు గురించే.

ఇదే జన్యు లోపం ఉన్న ఎలుకలను అమెరికా పరిశోధకులు మిషెల్ మోంజే, డేవిడ్ గట్‌మన్ బృందాలు కణితి పుట్టే వయసులో చీకట్లో పెంచాయి. వెలుతురులో పెరిగినవాటికి కణితులు వచ్చాయి. చీకట్లో పెరిగినవాటికి చాలావరకు రాలేదు. 2021లో ఈ ఫలితం అచ్చయింది. వెలుతురు పడితే కంటి నరంలో సంకేతాలు పరుగెడతాయి. ఆ హడావుడిలో న్యూరోలిజిన్-3 అనే ప్రోటీన్ ముక్క బయటికి ఊడి వస్తుంది. కణితికి అదే ఎరువు. అంటే పక్కనున్న నరం ఎంత చురుగ్గా ఉంటే కణితి అంత పెరుగుతుందన్నమాట.

అలాగని పిల్లల కళ్లకు గంతలు కట్టి కూర్చోబెట్టలేం కదా! మరి నరాన్ని కాస్త నెమ్మదింపజేసే మందు ఏదైనా ఉందా? ఉంది. డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నదే. ఫిట్స్ అంటే నరకణాలు అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగడమే, దాన్ని ఆపడానికి వాడే మాత్రల్లో లామోట్రిజిన్ ఒకటి. గట్‌మన్ బృందమే 2022లో దాన్ని ఎలుకల్లో పరీక్షించింది. జన్యు లోపం వల్ల అతిగా స్పందిస్తున్న నరకణాలు సద్దుమణిగాయి, కణితి పెరుగుదలా తగ్గింది.

ఇక్కడ నాకు సంతోషంతోపాటు కొంచెం టెన్షన్ కూడా ఉంది. కారణం వాల్‌ప్రోయిక్ ఆసిడ్ (వాల్‌ప్రోయేట్) అనే మరో ఫిట్స్ మందు. దీన్ని 1882లో తయారుచేశారు. చాలాకాలం వేరే పదార్థాలను కరిగించే ద్రవంగానే వాడారు. 1962లో ఫ్రాన్స్‌లో వేరే మందులను అందులో కరిగించి పరీక్షిస్తుంటే, ఫిట్స్‌ను ఆపుతున్నది ఆ ద్రవమేనని యాదృచ్ఛికంగా బయటపడింది. 2001లో అది కణంలో జన్యువుల పనితీరును మార్చే ఎంజైములనూ అడ్డుకుంటుందని తెలిసింది. అప్పటినుంచి మెదడు కణితుల మీద ఆశలు మొదలయ్యాయి. మెదడు కాండంలో వచ్చే అతి మొండి కణితి ఉన్న పిల్లలకు రేడియేషన్‌తో, మరో మందుతో కలిపి ఇచ్చి చూశారు. ఆయుష్షు పెరగలేదు. పెద్దవాళ్లకు వచ్చే గ్లయోబ్లాస్టోమా అనే ప్రమాదకరమైన మెదడు కణితి మీద జరిగిన ట్రయల్స్ వివరాలు కలిపి 2016లో లెక్క కట్టినా లాభం కనిపించలేదు. పాత మందు కాబట్టి దాని ప్రమాదాలు మనకు ముందే తెలుసు, అది నిజంగా పెద్ద సౌకర్యం. కానీ కొత్త జబ్బుకు పనిచేస్తుందా లేదా అన్నది పాతదనాన్ని బట్టి తేలదు.

‘మా పాప ఇప్పటికే ఫిట్స్ మందు వాడుతోంది, కణితికీ అదే పనిచేస్తుందా?’ అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఒక్కో ఫిట్స్ మందు ఒక్కో దారిలో పనిచేస్తుందండీ. ఒకటి బదులు ఇంకొకటి వేయకూడదు. లామోట్రిజిన్‌తో ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, అరుదుగా కొందరిలో ప్రాణం మీదికి వస్తుంది. ఈ ముప్పు పెద్దవాళ్లకంటే పిల్లలకే ఎక్కువ. వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే రక్తంలో లామోట్రిజిన్ మోతాదు బాగా పెరిగి ముప్పూ పెరుగుతుంది. అందుకే డోసు వారాల తరబడి మెల్లగా పెంచుతారు. దయచేసి ఇంట్లో ఉన్న మాత్రలతో ప్రయోగాలు చేయకండి.

పిల్లల్లో ట్రయల్ చేయడమూ తేలిక కాదు. ఈ కణితుల్లో చాలావాటికి వైద్యమే అక్కర్లేదు, వాటంతటవే ఆగిపోతాయి. మందు ఇచ్చాక ఆగితే ఆ ఘనత మందుదా, కణితి స్వభావమా? మందు లేని పిల్లలతో పోల్చకుండా చెప్పలేం. పైగా స్కాన్‌లో కణితి చిన్నదైనా చూపు తగ్గవచ్చు, సైజు మారకపోయినా చూపు నిలబడవచ్చు. అందుకే ఎమ్మారై ఫిల్మ్‌తోపాటు నేను చూడాలనుకునేది గోడ మీది అక్షరాల చార్టు. ఆ బిడ్డ కిందటిసారి చదివిన వరసనే ఈసారీ చదవగలుగుతోందా అన్నది.