ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ప్యాన్ విప్పి చూస్తే

శ్రోతలకు నమస్కారం.

ఆటోమేటిక్ కారు నడిపేవాళ్లలో చాలామంది ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తడుముకోకుండా చెబుతారు. గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి అడిగితే మాత్రం "దానికి కూడా మార్చాలా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. కొన్ని కార్ల కంపెనీలు ఇది జీవితకాలం పనిచేసే ఆయిల్ అని చెప్పేశాయి. ఎవరి జీవితకాలమో మాత్రం చెప్పలేదు. ఎన్నో కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రం, తన గేర్‌బాక్సుల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే 8 ఏళ్లలోపు ఆయిల్ మార్చమంటుంది. నన్నడిగితే, గేర్‌బాక్స్ తయారుచేసినవాళ్ల మాటే వింటాను.

ఆ ఆయిల్‌నీ, గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం లాంటి ప్యాన్‌కు లీకేజీ రాకుండా అంచున వేసే గ్యాస్కెట్‌నీ ఇంటి దగ్గరే మార్చుకోవడం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఇంజన్ ఆయిల్ సొంతంగా మార్చుకున్న అలవాటు ఉంటే ఇది చేయగలరు. కాకపోతే ఇది హడావిడిగా తేలే పని కాదు, సగం రోజు ఖాళీగా ఉంచుకోండి. ఇంకో మాట. నేను చెప్పేది టార్క్ కన్వర్టర్ ఉండే మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి. సీవీటీ, డ్యూయల్ క్లచ్ అనే వేరే రకం ఆటోమేటిక్‌ల ఆయిల్ వేరు, పద్ధతీ వేరు.

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని ముఖ్యంగా అరుగుదల తగ్గించడం. ఆటోమేటిక్‌లో ఆ ఆయిలే పనిముట్టు. ఇంజన్ శక్తిని టార్క్ కన్వర్టర్‌లో అవతలికి చేరవేసేది అదే. పంపు ఇచ్చే ప్రెషర్‌తో క్లచ్ ప్లేట్లను నొక్కి గేరు మార్చేది అదే. వేడిని మోసుకెళ్లి కూలర్‌లో వదిలేది కూడా అదే. పైగా దాని మీద ఒక విచిత్రమైన బరువు పెట్టారు. బేరింగుల దగ్గర జారాలి, క్లచ్ ప్లేట్ల దగ్గర పట్టు ఇవ్వాలి. ఈ రెండూ ఒకే ఆయిల్‌తో కుదిరేలా అందులో కొన్ని రసాయనాలు కలుపుతారు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తెచ్చింది. పెద్ద ఎత్తున అమ్ముడైన మొదటి ఆటోమేటిక్ అదే. తర్వాత చాలా ఏళ్లపాటు ఇలాంటి ఆయిళ్లలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారంటే నమ్మబుద్ధి కాదు. 1970ల మొదట్లో అమెరికాలో ఆ నూనె మీద నిషేధం వచ్చాక, దాని పని చేసే పదార్థాలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎర్రగా ఉన్న ప్రతి ఆయిలూ ఒకటి కాదు. ఆ ఎరుపు కేవలం రంగు, ఇంజన్ ఆయిల్ కాదని గుర్తుపట్టడానికి కలిపింది. డబ్బా మీద ఏ ప్రమాణం రాసుందో చూడాలి. డెక్స్‌రాన్ సిక్స్, ఏటీఎఫ్ ప్లస్ ఫోర్, టొయోటా డబ్ల్యూఎస్, ఇవన్నీ వేర్వేరు. మీ కారు మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే కొనండి. అన్నింటికీ సరిపోతుందని రాసిన డబ్బాల మీద నాకంత నమ్మకం లేదు.

ఇక పనిలోకి వద్దాం. కారును చదునైన గట్టి నేల మీద పెట్టి, చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో లేపి, జాక్ స్టాండ్ల మీద నిలబెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి వెళ్లకండి, ఒక్క నిమిషమైనా సరే. ఆయిల్ కాస్త గోరువెచ్చగా ఉంటే బాగా కారుతుంది. అప్పుడే దూరప్రయాణం చేసి వచ్చిన కారైతే చెయ్యి బొబ్బలెక్కుతుంది, చల్లారనివ్వండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. కింద పడుకుని పైకి చూస్తూ చేసే పని, ఆయిల్ పడితే ముఖం మీదే.

ఆయిల్ దించేముందు ఒక పని తప్పకుండా చేయండి. కొత్త ఆయిల్ పోసే చోట ఉండే ప్లగ్ ఊడి వస్తుందో లేదో ముందే చూసుకోండి. డిప్‌స్టిక్ ఉన్న కారుకు ఈ గొడవ లేదు, ఆ గొట్టంలోంచే పోస్తారు. డిప్‌స్టిక్ లేని కారులో ఆయిలంతా కింద పారబోశాక, పై ప్లగ్ తుప్పు పట్టి కదలనంటే కారు అక్కడే ఉండిపోతుంది. తోలుకుపోవడానికీ వీలుండదు.

కొన్ని ప్యాన్లకు డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది, పని సులువు. లేనివాటిలో ప్యాన్‌నే వంచి ఆయిల్ దించాలి. చుట్టూ బోల్టులన్నీ కొద్దిగా వదులు చేయండి. ఒక చివర బోల్టులు పూర్తిగా తీసేసి, ఎదుటి చివరవి రెండు మూడు చుట్లు పట్టి ఉండేలా వదిలేయండి. పాత గ్యాస్కెట్ అంటుకుపోయి ప్యాన్ కదలకపోతే, మూల దగ్గర ప్లాస్టిక్ పట్టీతో నెమ్మదిగా లేపండి. స్క్రూడ్రైవర్ గుచ్చి పీకితే అల్యూమినియం మీద గీత పడుతుంది, రేపు ఆ గీతలోంచే లీకేజీ. ప్యాన్ ఒకవైపు దిగుతుంది, ఆ మూల నుంచి ఆయిల్ ధారకడుతుంది. కింద పెట్టిన తొట్టి అనుకున్నదానికంటే పెద్దదై ఉండాలి. ప్యాన్ దిగాక పైన కనిపించే ఆయిల్ ఫిల్టర్‌ను లాగినప్పుడు మళ్లీ కొంత దూకుతుంది, అందరూ తడిసేది అక్కడే. కారిన ఆయిల్‌ను లీటర్లలో కొలిచి రాసి పెట్టుకోండి, పోసేటప్పుడు లెక్కకు పనికొస్తుంది.

ఇప్పుడు ప్యాన్‌ను వెలుతురులోకి తెచ్చి చూడండి. నా దృష్టిలో ఈ పని ఇంటి దగ్గర చేసుకోవడంలో అసలు లాభం ఇదే. షాపులో చేయిస్తే ప్యాన్‌ను మీకు చూపించకుండానే కడిగేయవచ్చు. లోపల చిన్న అయస్కాంతాలు ఒకటో రెండో ఉంటాయి. వాటి మీద బూడిదరంగు ముద్ద పేరుకుని ఉంటుంది. కొంచెం తీసి రెండు వేళ్ల మధ్య రుద్దండి. కాటుకలా మెత్తగా సాగితే దిగులు పడనక్కర్లేదు, అన్నేళ్లు తిరిగిన లోహం ఆమాత్రం అరగడం మామూలే. వేలికి గుచ్చుకునే పెచ్చులు, చీలికలు, విరిగిన ముక్కలు కనిపిస్తే లోపల ఏదో భాగం పాడవుతోందని అర్థం. ఇత్తడి రంగు తళుకులు అయస్కాంతానికి అంటవు, ప్యాన్ అడుగున మెరుస్తాయి. అవి బుషింగులు, అంటే తిరిగే షాఫ్టుల చుట్టూ ఉండే మెత్తటి లోహపు తొడుగులు, అరిగిన గుర్తు. నల్లటి పొడి ఎక్కువగా ఉంటే క్లచ్ ప్లేట్ల మీది పొర రాలుతోందన్నమాట. ఆయిల్ వాసన కూడా చూడండి. ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే గేర్‌బాక్స్ బాగా వేడెక్కిందని లెక్క. లేత గులాబీ రంగులో చిక్కగా, నురగగా ఉంటే రేడియేటర్‌లోని కూలెంట్ లోపలికి చేరుతోందేమో చూడాలి. అప్పుడు కొత్త ఆయిల్ పోయడం వృథా, ముందు ఆ దారి మూయాలి.

గేరు పడగానే ఇంజన్ అరిచి కారు ఆలస్యంగా కదిలే స్థితికి వచ్చిన గేర్‌బాక్స్‌కు ఆయిల్ మార్పు మందు కాదు. అది ప్లేట్లు అరిగిపోయిన తర్వాత మాట.

కొత్త ఫిల్టర్ పెట్టేముందు పాత సీలు రంధ్రంలోనే ఉండిపోయిందేమో వేలు పెట్టి చూడండి. చాలాసార్లు ఫిల్టర్ వస్తుంది, సీలు రాదు. దాని మీదే కొత్త సీలు ఎక్కిస్తే ఫిల్టర్ సరిగ్గా కూర్చోదు, పంపు గాలి పీలుస్తుంది.

ప్యాన్‌నూ, పైన అది అతుక్కునే తలాన్నీ శుభ్రంగా తుడవాలి. పోగులు రాలే గుడ్డ వాడొద్దు. లోపల ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో నడిపించే వాల్వ్ బాడీలో దారులు సన్నగా ఉంటాయి, ఒక దారప్పోగు చాలు చికాకు పెట్టడానికి. రేకు ప్యాన్ అయితే అంచును చదునైన బల్ల మీద పెట్టి చూడండి. పాతవాళ్లు గట్టిగా బిగించి ఉంటే బోల్టు రంధ్రాల దగ్గర రేకు లోపలికి లొంగి ఉంటుంది. చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా సరిచేయవచ్చు. కొన్ని కొత్త కార్లలో ప్యాన్ ప్లాస్టిక్‌ది. ఫిల్టర్ దానిలోనే కలిసి ఉంటుంది, అప్పుడు మొత్తం మార్చాల్సిందే.

గ్యాస్కెట్ కార్కుదో, రబ్బరుదో, రబ్బరు పొరలో ఇనుప పట్టీ ఉన్నదో కావచ్చు. దేనికైనా మాన్యువల్ చెప్పకుండా సిలికాన్ పూయకండి. పిండినప్పుడు లోపలికి తోసుకెళ్లిన సిలికాన్ తీగలు తెగి ఫిల్టర్ దగ్గరికి చేరతాయి. పైకెత్తేటప్పుడు గ్యాస్కెట్ పక్కకు జారుతుంటే రెండు మూడు రంధ్రాల దగ్గర సన్న దారంతో ప్యాన్‌కు కట్టి, బోల్టులు పట్టాక దారం లాగేయండి. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా, రెండు విడతలుగా బిగించండి.

ఎంత బిగించాలన్న దగ్గరే చాలామంది చెయ్యి ఆగదు. చక్రాల నట్లకు సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి. ఈ చిన్న బోల్టులకు చాలా కార్లలో 10 దరిదాపులే. కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచ్ ఉంటే అరువైనా తెచ్చుకోండి. ఎక్కువ బిగిస్తే గ్యాస్కెట్ పగిలి బయటికి తోసుకొస్తుంది, లేదా అల్యూమినియంలో మర చెడిపోతుంది.

ఇక పోయడం. కారినంత పోసి, ఇంజన్ స్టార్ట్ చేయండి. ఖాళీగా, గాలి ఆడే చోట చేయండి. బ్రేకు మీద కాలు గట్టిగా ఉంచి, పార్క్ నుంచి ప్రతి గేరులోకీ ఒక్కొక్కటిగా తీసుకెళ్లి కాసేపు ఆగి తిరిగి తేవాలి. కారు స్టాండ్ల మీదే ఉంటే చక్రాలు తిరగాలని చూస్తాయి, ఎవరూ కింద ఉండకూడదు. డిప్‌స్టిక్ ఉన్నవాటిలో చాలావరకు ఆయిల్ వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా కొలవాలి. కొన్ని కంపెనీలు ఇంజన్ ఆపాక చూడమంటాయి. డిప్‌స్టిక్ లేనివాటిలో లెవెల్ ప్లగ్ తీసి చూడాలి. చాలావాటికి ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు, ఆ రంధ్రంలోంచి సన్నగా కారి ఆగితే లెవెల్ సరిపోయినట్టు. వేడెక్కితే ఆయిల్ ఉబ్బుతుంది కాబట్టి ఆ డిగ్రీలకు అంత పట్టింపు. ముందుభాగం ఒక్కటే లేపి ఉంటే ఈ కొలత తప్పుతుంది, నాలుగు మూలలూ సమానంగా ఉండాలి.

తక్కువైతే పంపు గాలి లాగుతుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. రెండిట్లోనూ ప్రెషర్ పడిపోయి క్లచ్‌లు జారుతాయి. ఎక్కువ పోస్తే మంచిదే కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ప్యాన్ విప్పితే ఆయిలంతా రాదు. మొత్తం 10 లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో 4 లీటర్లు వస్తాయనుకోండి, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. అంటే 40 శాతమే కొత్తది. కొన్నాళ్లు తిరిగాక డ్రెయిన్ ప్లగ్ నుంచి మళ్లీ 4 లీటర్లు మారిస్తే 64 శాతానికి, మూడోసారికి 78 శాతానికి చేరుతుంది. పాత ఆయిల్ మరీ నల్లగా ఉంటే ఇలా విడతలుగా చేయడమే నాకు నచ్చుతుంది.

తీసిన ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి. డ్రైనేజీలోకి, మట్టిలోకి వదలకూడదు. మొదటి కొన్ని రోజులు కారు ఆపిన చోట నేలను చూస్తూ ఉండండి. చుక్క కనిపించగానే స్పానర్ అందుకోవద్దు. ప్యాన్ అంచంతా పొడిగా తుడిచి, ఒక రాత్రి ఆగి, తడి ఎక్కడ మొదలవుతోందో చూడండి. పోసేటప్పుడు పైన ఒలికిన ఆయిలే కిందికి జారి ఉండవచ్చు. నిజంగా గ్యాస్కెట్ అంచునే తడి వస్తుంటే, ఆ చోటి బోల్టులను టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన అంకె దగ్గర మరోసారి సరిచూడండి. అప్పటికీ ఆగకపోతే ప్యాన్ దించి గ్యాస్కెట్ మళ్లీ పెట్టాల్సిందే.

సెలవు. నమస్కారం.