ఫంగస్ మందు ఎక్కిస్తుంటే రియాక్షన్ వచ్చింది: అది ఎలర్జీయేనా?

[తెర మీద: వార్డులో మంచం, స్టాండుకు వేలాడుతున్న పసుపు రంగు డ్రిప్]

యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు డ్రిప్ పెట్టి గంటన్నర అయింది. పేషెంట్‌కు ఉన్నట్టుండి చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగడం లేదు. పళ్లు టకటకమంటున్నాయి, మంచం కూడా ఊగుతోంది. కాసేపటికే జ్వరం 103కి ఎక్కింది. పక్కనున్న కొడుకు పరుగున వెళ్లి సిస్టర్‌ను పిలుచుకొచ్చాడు. డ్రిప్ ఆపారు, ఇంజెక్షన్ ఇచ్చారు, గంటలో అంతా సర్దుకుంది. తర్వాత కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో రాశారు: 'యాంఫోటెరిసిన్ ఎలర్జీ'.

ఆ రాసింది సరైనదేనా? చాలాసార్లు కాదు. అలా తప్పుగా రాస్తే ఏమవుతుందో చెప్పే ముందు, లోపల ఏం జరిగిందో చూద్దాం.

[యానిమేషన్: తెల్లకణం, దాని మీద గ్రాహకాలు]

వెనెజువెలాలో ఒరినోకో నది ప్రాంతం నుంచి తెచ్చిన మట్టిలో ఒక బ్యాక్టీరియా దొరికింది. దాని నుంచి 1950లలో తీసిన మందే యాంఫోటెరిసిన్. మన తెల్లకణాల మీద సూక్ష్మజీవులను పసిగట్టే గ్రాహకాలు కొన్ని ఉంటాయి. ఈ మందు వాటిని తాకగానే, ఒంట్లోకి క్రిమి చొరబడిందనుకుని తెల్లకణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ లాంటి రసాయనాలను వదులుతాయి. మామూలు ఇన్ఫెక్షన్‌లో చలిజ్వరం తెప్పించేవీ ఇవే. ఎలర్జీలో పనిచేసే ఐజీఈ యాంటీబాడీలకు ఇక్కడ పాత్ర లేదు. అందుకే దీన్ని ఇన్ఫ్యూజన్ రియాక్షన్ అంటారు. డాక్టర్లు ఈ మందుకు సరదాగా 'యాంఫో-టెరిబుల్' అని పేరు పెట్టుకున్నారు. ఆ వణుకు ఒక్కసారి చూస్తే పేరు ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది.

దీనికి మార్గాలున్నాయి. డ్రిప్ నెమ్మదిగా ఎక్కిస్తారు. ముందుగా పారాసెటమాల్, యాంటీహిస్టమిన్, అవసరమైతే హైడ్రోకార్టిసోన్ ఇస్తారు. వణుకు మరీ ఎక్కువైతే పెథిడిన్ అనే నొప్పి మందు వాడతారు. డోసులు గడిచేకొద్దీ చాలామందిలో తీవ్రత తగ్గుతుంది కూడా.

మరి 'ఎలర్జీ' అని రాసేస్తే పోయేదేముంది? చాలా ఉంది. యాంటీబయోటిక్స్‌లో ఒకటి పడకపోతే ఇంకో పది ఉంటాయి. ఒంట్లో లోతుగా పాకిన ఫంగస్‌కు ఉన్న ప్రధాన మందుల కుటుంబాలు మాత్రం మూడే: యాంఫోటెరిసిన్, 'అజోల్' మందులు, ఎకినోకాండిన్లు. బ్లాక్ ఫంగస్ అని అందరూ పిలిచే మ్యూకార్‌మైకోసిస్ తీసుకోండి. దాని మీద ఎకినోకాండిన్లు పనిచేయవు. అజోల్స్‌లో ఫ్లుకొనజోల్, వోరికొనజోల్ కూడా పనిచేయవు. మెదడు పొరలకు సోకే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మీదా ఎకినోకాండిన్లు దండగే. అలాంటి పేషెంట్‌కు ఒక చలిజ్వరం చూసి యాంఫోటెరిసిన్ తలుపు మూసేస్తే, ప్రాణం నిలిపే మందునే దూరం చేసినట్టు.

కాబట్టి షీట్‌లో ఉండాల్సింది ఇలాంటి వాక్యం: "మందు మొదలైన 90 నిమిషాలకు వణుకు, 103 జ్వరం, దద్దుర్లు లేవు, బీపీ పడలేదు, పెథిడిన్‌తో తగ్గింది." తర్వాత చూసే డాక్టర్‌కు దీంతో నిర్ణయం తీసుకోవడం తేలిక.

[తెర మీద: గడియారం, మొదటి ఐదు నిమిషాల భాగం ఎర్రగా]

కొవ్వు బుడగల్లో పొదిగి తయారుచేసే లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌తో చలిజ్వరం తక్కువే. కానీ దాని తీరు వేరు. కొందరికి మొదటి ఐదు నిమిషాల్లోనే ఛాతీ పట్టేసి ఆయాసం వస్తుంది, నడుము పక్కనో కడుపులోనో కాళ్లలోనో విపరీతమైన నొప్పి, ముఖం ఎర్రబడటం. ఇది కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థ ఒక్కసారిగా రేగడం వల్ల వస్తుందని భావిస్తారు. డ్రిప్ ఆపి యాంటీహిస్టమిన్ ఇస్తే సాధారణంగా త్వరగానే తగ్గుతుంది. చాలామందికి మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టగలుగుతారు.

ఎకినోకాండిన్లలో గొడవంతా వేగంతో. కాస్పోఫంగిన్‌ను దాదాపు గంటసేపు ఎక్కించాలి. అనిడులాఫంగిన్ నిమిషానికి 1.1 మిల్లీగ్రాములు దాటకూడదు. తొందరపడితే హిస్టమిన్ విడుదలై ముఖం, మెడ ఎర్రబడి దురద పుడుతుంది.

ఇక అసలైన ఉపద్రవం అనఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదకు తెచ్చే ఎలర్జీ. అరుదు, కానీ పైన చెప్పిన ఏ మందుతోనైనా రావచ్చు. నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, బీపీ పడిపోవడం. చర్మం మీద ఏమీ కనపడని కేసులూ ఉంటాయి, అక్కడే మోసపోతాం. డ్రిప్ ఆపగానే ఇవ్వాల్సిన మొదటి మందు అడ్రినలిన్. పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటి వైపు కండలోకి. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ. నాకు చిరాకు తెప్పించేది ఏమిటంటే, ఇలాంటప్పుడు కూడా చెయ్యి ముందు యాంటీహిస్టమిన్ వైపో, స్టెరాయిడ్ వైపో పోతుంది. అవి దురద తగ్గిస్తాయేమో గానీ, మూసుకుపోతున్న గొంతును తెరవవు, పడిన బీపీని లేపవు. పేషెంట్‌ను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. హఠాత్తుగా లేపి నిలబెట్టడం ప్రమాదకరం. ఆయాసం ఎక్కువగా ఉంటే మాత్రం కూర్చోనివ్వాలి.

[దృశ్యం: ఐసీయూ మానిటర్]

ఫంగస్ మందులు వాడేవాళ్లలో చాలామంది ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉంటారు. దురదగా ఉందనో, గొంతు పట్టేసిందనో చెప్పలేరు. అక్కడ కనిపించేది బీపీ కూలడం, వెంటిలేటర్‌లో ప్రెషర్ పెరగడం, అంతే. వాళ్లకు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) కూడా ఉంటుంది కాబట్టి నింద దాని మీదకు పోతుంది. కొత్త మందు ఎప్పుడు మొదలైందో చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అనుమానం ఉంటే ట్రిప్టేజ్ అనే రక్తపరీక్షకు గంట, రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా నాలుగు గంటల్లోపు శాంపిల్ తీయాలి. 24 గంటలు దాటాక ఇంకోటి తీసి పోల్చాలి. మర్నాడు రౌండ్స్‌లో గుర్తొచ్చి తీసిన ఒక్క శాంపిల్‌తో ఏమీ తేలదు.

ఇప్పటిదాకా చెప్పినవి నిమిషాల, గంటల వ్యవహారాలు. తీరిగ్గా వచ్చేవీ ఉన్నాయి. ఫ్లుకొనజోల్ లాంటి మందులతో, అరుదుగా, స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అనే తీవ్రమైన చర్మ రియాక్షన్ రావచ్చు. సాధారణంగా మందు మొదలైన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల మధ్య మొదలవుతుంది: జ్వరం, నోట్లో పుండ్లు, ఎర్రబడిన కళ్లు, ముట్టుకుంటే మండే చర్మం, తర్వాత పొక్కులు. డ్రెస్ (DRESS) సిండ్రోమ్ అనే ఇంకో మందు రియాక్షన్ ఇంకా ఆలస్యంగా, రెండు నుంచి ఎనిమిది వారాలకు. ముఖం వాస్తుంది, లివర్ దెబ్బతింటుంది. అప్పటికి పేషెంట్ ఇంటికి వెళ్లిపోయి కూడా ఉండొచ్చు.

వేరే దారి లేని పేషెంట్‌కు, అనఫిలాక్సిస్ వచ్చినా సరే, ఐసీయూలో అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పెంచే డీసెన్సిటైజేషన్ చేయొచ్చు. స్టీవెన్స్-జాన్సన్, డ్రెస్ వచ్చినవాళ్లకు ఆ పద్ధతి పనికిరాదు. వాళ్లకు ఆ మందు జీవితాంతం బంద్. డిశ్చార్జ్ సమ్మరీలో మందు పేరు, ఎన్నో రోజున ఏమైందో రాయించుకుని, చర్మం మీద వచ్చిన మచ్చల ఫొటో కూడా దాచుకోవాలి. కొన్నేళ్ల తర్వాత తామరకో గోటి ఫంగస్‌కో ఇంకెవరో డాక్టర్ అదే అజోల్ కుటుంబంలోని ఇట్రాకొనజోల్ రాయబోతే, ముందు ఆ కాగితం చూపించాలి. ఒక అజోల్ పడనంత మాత్రాన ఇంకో అజోల్ కూడా పడదని ఖాయంగా చెప్పలేం, పడుతుందనీ చెప్పలేం. కాగితం చూశాక నిర్ణయించాల్సింది ఆ డాక్టరే.