బిడ్డ గొంతులో అడ్డుపడితే: ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్ల శిక్షణలో ప్రసంగం

అందరికీ నమస్కారం.

పెద్దవాళ్లలో చాలాసార్లు ముందు గుండె ఆగుతుంది, ఆ తర్వాత ఊపిరి. పిల్లల్లో చాలావరకు ఇది తలకిందులు. ముందు ఊపిరి అందదు, ఒంట్లో ఆక్సిజన్ తగ్గుతుంది, గుండె నెమ్మదించి చివరికి ఆగిపోతుంది. ఆ మధ్య నిమిషాల్లో బిడ్డ పక్కన ఉండేది డాక్టర్ కాదు, మీరే. గొంతులో ఏదైనా పూర్తిగా అడ్డుపడితే 108 వచ్చేదాకా ఆగే వ్యవధి కూడా ఉండదు. అందుకే ఇవాళ ఎక్కువ సమయం దానికే కేటాయిస్తాను.

గొంతులో అడ్డుపడేవి ఇలాంటివే: పల్లీలు, వేయించిన శనగలు, కొబ్బరి ముక్కలు, సీతాఫలం గింజలు, ఆటకు వాడే చింతపిక్కలు, నాణేలు, పగిలిన బెలూన్ ముక్కలు. చిన్నపిల్లలకు దవడ పళ్లు పూర్తిగా ఉండవు, నోట్లో పెట్టుకునే పరిగెడతారు, నవ్వుతారు. శ్వాసనాళం చాలా సన్నం కాబట్టి ఒక్క పల్లీ చాలు.

బిడ్డకు పొలమారగానే మన ఇళ్లలో నెత్తి మీద తడతారు, నీళ్లు తాగిస్తారు, నోట్లో వేలు పెట్టి కెలుకుతారు. నెత్తి మీద తడితే అడ్డు కదలదు, సమయం పోతుంది. మింగలేని బిడ్డకు నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వేలు పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం: కంటికి కనిపించని వస్తువు ఇంకా లోపలికి దిగబడుతుంది.

మీరు మొదట గమనించాల్సింది శబ్దం. బిడ్డ గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా గాలి ఆడుతోందన్నమాట. అప్పుడు వీపు మీద కొట్టకండి, ముందుకు వంచి కూర్చోబెట్టి దగ్గనివ్వండి. ఆ దగ్గు కన్నా బాగా పనిచేసేది మన చేతిలో ఏదీ లేదు. దగ్గులో శబ్దం పోయినా, నోరు తెరిచినా ఏడుపు రాకపోయినా, పెదవులు నీలంగా మారుతున్నా క్షణం ఆగకండి. ఒకరిని 108కి ఫోన్ చేయమని చెప్పి మీరు పని మొదలుపెట్టండి.

ఏడాది లోపు బిడ్డను మీ ముంజేయి మీద బోర్లా పడుకోబెట్టండి. తల ఒంటికన్నా కిందికి ఉండాలి. దవడ ఎముకను వేళ్లతో పట్టుకోండి, గొంతు మెత్తని భాగం నొక్కుకుపోకూడదు. అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగంతో, రెండు భుజం ఎముకల మధ్య 5 సార్లు గట్టిగా కొట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, చనుమొనల గీతకు కాస్త కింద, రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో 5 సార్లు నొక్కండి. ఇదివరకు రెండు వేళ్లతో నొక్కమని నేర్పేవారు. ఆ ఒత్తిడి లోతుగా దిగదు కాబట్టి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025 మార్గదర్శకాల్లో అరచేతి మడమనే వాడమన్నారు. ఈ వయసులో పొట్ట మాత్రం నొక్కకూడదు. కాలేయం పెద్దగా ఉంటుంది, పక్కటెముకల చాటు దానికి చాలదు, చిట్లిపోవచ్చు.

ఏడాది దాటిన బిడ్డ వెనక మోకాళ్ల మీద కూర్చోండి. ముందుకు వంచి వీపు మీద 5 దెబ్బలు, ఆ తర్వాత బొడ్డుకు పైన, రొమ్ము ఎముక చివరకు కింద పిడికిలి ఉంచి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. అడ్డు బయటికి వచ్చేదాకా, లేదా బిడ్డ స్పృహ తప్పేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి.

స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోటితో శ్వాస ఇవ్వడం, మొదలుపెట్టండి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి 108తో మాట్లాడుతూనే చేయండి. 30 సార్లు ఛాతీ నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, ఛాతీ మందంలో మూడో వంతు లోతుకు: ఏడాది లోపు బిడ్డకు సుమారు 4 సెంటీమీటర్లు, పెద్ద బిడ్డకు 5. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. నోరు తెరిచి చూడండి, వస్తువు కనబడితేనే తీయండి. ఆ తర్వాత 2 శ్వాసలు, ఒక్కొక్కటి ఒక సెకను, ఛాతీ లేచేంత మాత్రమే. శిక్షణ ఉన్నవాళ్లు ఇద్దరుంటే 15 సార్లు నొక్కి 2 శ్వాసలు.

ఛాతీ లేవకపోతే తల సరిచేసి మళ్లీ ఊదండి. ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు: పసిబిడ్డ తలను పెద్దవాళ్లకు చేసినట్టు బాగా వెనక్కి వంచుతారు. వాళ్ల తల వెనక భాగం పెద్దది, శ్వాసనాళం మెత్తనిది, అతిగా వంచితే దారి మూసుకుపోతుంది. ముఖం నేరుగా పైకప్పు వైపు ఉండాలి. భుజాల కింద మడిచిన తువ్వాలు పెడితే ఆ స్థితి నిలుస్తుంది.

ఇక జలుబు, దగ్గు, న్యుమోనియాతో ఆయాసపడే బిడ్డలు. శాంతంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం శ్వాస లెక్కించండి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకన్నా ఎక్కువ సార్లు ఉంటే శ్వాస వేగం ఎక్కువే. డొక్కలు ఎగరేయడం, ముక్కుపుటాలు అదరడం, ఊపిరి వదిలేటప్పుడు మూలగడం ఉంటే ఆస్పత్రికి పంపండి. రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కన్నా తగ్గితే వెంటనే ఆక్సిజన్ పెట్టాలి. అంతసేపూ ఎగశ్వాస తీసిన బిడ్డ మగతగా పడి శ్వాస నెమ్మదిస్తే "కాస్త నయమైంది" అనుకోవద్దు, అది అలసిపోవడం. ఆయాసపడే బిడ్డను బలవంతంగా పడుకోబెట్టకండి, తల్లి ఒడిలోనే కూర్చోనివ్వండి.

మరో మాట. అడ్డు బయటికి వచ్చి బిడ్డ ఆడుకుంటున్నా, పొట్టగానీ ఛాతీగానీ నొక్కి ఉంటే డాక్టర్‌కు చూపించాలి. పొలమారాక రోజుల తరబడి దగ్గు తగ్గకపోయినా, ఒక పక్కనే పిల్లికూతలు వినిపించినా పల్లీ ముక్క లోపల ఉండిపోయి ఉండొచ్చు. పల్లీ ఎక్స్‌రేలో కనబడదు. అందుకే "ఆ రోజు పల్లీలు తింటూ పొలమారింది" అన్న సంగతి చీటీ మీద రాసి పంపండి.