బండి వచ్చేలోపు

(పంచాయతీ ఆఫీసు దగ్గర జరిగిన ఆరోగ్య సభలో ఒక 108 ఉద్యోగి ప్రసంగం)

అమ్మలకూ, అయ్యలకూ నమస్కారం. నేను 108 బండిలో ఈఎంటీని, అంటే ఆస్పత్రికి చేరేదాకా రోగికి ప్రథమ చికిత్స చేసేది నేనే. డ్రైవరన్నను మేం పైలట్ అంటాం. బండిలో ఉండేది మేమిద్దరమే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ సేవ మొదలైంది. అంతకుముందు మనవాళ్లు మంచం మీద మోసుకెళ్లిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

మీరు 108కి చేస్తే ఫోన్ మోగేది మా బండిలో కాదు, కాల్ సెంటర్లో. ఏ మండలం, ఏ ఊరు, దగ్గర్లో గుర్తేమిటి అని వాళ్లు అడుగుతారు. "ఈ ప్రశ్నలేంటండీ, ముందు బండి పంపండి" అని చాలామంది కసురుకుంటారు. మీ కంగారు నాకు తెలుసు. కానీ కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి? మండలం చెప్తేనే దగ్గరున్న బండికి కబురందేది. బయల్దేరగానే మీ నంబరుకు మేం చేస్తాం. అప్పటికి మీరు అదే ఫోన్లో బావగారితో మాట్లాడుతుంటారు. దారి చెప్పేవాళ్లు లేక అడ్డరోడ్డు దగ్గర ఆగిపోయిన రాత్రులు నాకింకా కళ్లముందే ఉన్నాయి. చుట్టాలకు వేరే ఫోన్ నుంచి చెప్పండి. ఒక కుర్రాడికి టార్చిలైటిచ్చి అడ్డరోడ్డు మీద నిలబెట్టండి.

నాట్ల కాలం కదా, పాముకాటు గురించి కాస్త వివరంగా చెప్తాను. కాటు పైన తాడు బిగించకండి, రక్తం ఆడక కాలే పాడవుతుంది. కోయకండి, నోటితో పీల్చకండి. వాపు రాకముందే పట్టీలు, మెట్టెలు తీసేయండి. కాలు కదలకుండా పడుకోబెట్టండి, నడిపించకండి. పామును వెతికి చంపే పని పెట్టుకోకండి. ఆస్పత్రిలో ఎక్కించే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. నన్ను బాగా భయపెట్టేది కట్లపామే. నిద్రలో కరిస్తే నొప్పి తెలీదు, గాటు కూడా కనపడకపోవచ్చు. నేలమీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కడుపునొప్పి అన్నా, రెప్పలు వాలిపోతున్నా గ్యాసనుకుని సోడా తాగించకండి. వెంటనే ఫోన్ చేయండి.

రోడ్డు మీద దెబ్బ తగిలినవాళ్లకు సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని వెనకాడకండి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం మీకు రక్షణగా ఉంది.

ఇక, మనిషి పిలిచినా పలక్కుండా, ఊపిరి లేకుండా పడిపోతే మాకోసం ఆగకండి. ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున నొక్కాలి. మాటల్లో చెప్తే చేతికి రాదు. దిండు తెచ్చాను, ముందు వరసలో ఉన్న అక్కలు నలుగురు రండి.