చర్చా కార్యక్రమం: బీఎస్సీ నర్సింగ్‌కు కటాఫ్ ఉండాలా, ఎత్తేయాలా?

ప్రవేశ పరీక్షలో పర్సంటైల్ కటాఫ్ వల్ల బీఎస్సీ నర్సింగ్ సీట్లు మిగిలిపోతున్నాయని ప్రైవేటు కాలేజీలు అంటున్నాయి. కటాఫ్ తీసేస్తే చదువు నాణ్యత పోతుందని సీనియర్ నర్సులు అంటున్నారు. ఈ గొడవ మీద కర్నూలు స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ఒకరి మాట మీద ఒకరు పడిన చోట్లు కూడా దిద్దకుండా ఉంచాం. పాల్గొన్నవారు: ప్రభుత్వాసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేసి రిటైరైన ఒక మేడమ్, నర్సింగ్ కాలేజీల యాజమాన్యాల తరఫున ఒకరు, జువాలజీ చెప్పే జూనియర్ లెక్చరర్, అనంతపురం నుంచి వచ్చిన బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది విద్యార్థి.

మోడరేటర్: అందరికీ నమస్కారం. నలుగురికీ సమానంగా టైమ్ ఇస్తాను, ముందే మాటిస్తున్నా. సూటిగా అడుగుతాను. మన సీమ పిల్లలు నర్సింగ్ చదవడానికి బెంగళూరు రైలు ఎందుకెక్కుతున్నారు? మేడమ్, మీరు చెప్పండి.

సూపరింటెండెంట్: నమస్కారమండి. బెంగళూరు గురించి తర్వాత మాట్లాడతాను. ఇంట్లో కూర్చుని చూసే తల్లిదండ్రులకు ముందు అర్హత ఏంటో తెలియాలి. దేశంలో నర్సింగ్ చదువుకు రూల్స్ పెట్టే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం అడ్మిషన్ తీసుకునే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, ఇంగ్లిష్ పాసై ఉండాలి. కలిపి 45 శాతం మార్కులు కావాలి, ఎస్సీ ఎస్టీలకైతే 40...

యాజమాన్య ప్రతినిధి: మేడమ్, అవి అందరికీ తెలిసినవే. అసలు సమస్య చెప్పండి.

సూపరింటెండెంట్: అందరికీ తెలియవు సార్. ఎంపీసీ చదివిన పిల్లను తీసుకుని సీటు కోసం వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

యాజమాన్య ప్రతినిధి: సరే, నేను చెప్తాను వినండి. ఇంటర్‌లో 45 శాతం వస్తే చాలు అంటారు. మళ్లీ ఎంట్రన్స్‌లో 50 శాతం రావాలంటారు. ఇదెక్కడి న్యాయం? రెండేళ్లు చదివి బోర్డు పరీక్ష రాసి పాసైన పిల్లకు మళ్లీ ఒక గోడ కట్టడమేంటి? మన దగ్గర ఎన్నో ఏళ్లు ఇంటర్ మార్కుల మెరిట్ మీదే సీట్లిచ్చారు. అలా చదివిన నర్సులే ఇప్పుడు గల్ఫ్‌లో, లండన్‌లో...

లెక్చరర్: సార్, ఒక్క దిద్దుబాటు. అది 50 శాతం కాదు, 50 పర్సంటైల్. పరీక్ష రాసినవాళ్లలో సగంమంది కంటే మీరు పైన ఉన్నారని దాని అర్థం. పేపర్ కష్టంగా వస్తే తక్కువ మార్కులకే ఆ పర్సంటైల్ వస్తుంది.

యాజమాన్య ప్రతినిధి: మంచిమాట చెప్పారు! అంటే పరీక్ష పెట్టకముందే సగంమందిని ఫెయిల్ చేసేసినట్టే కదా? పిల్లలందరూ బాగా రాసినా సగం మంది బయటే. ఇది నేను అడుగుతున్న ప్రశ్న కాదు, లెక్కే అలా ఉంది.

లెక్చరర్: అది నిజమే. అయితే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 పర్సంటైల్...

యాజమాన్య ప్రతినిధి: 40 అయినా అదే కథ.

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. పర్సంటైల్ గురించి ఆయన లేవనెత్తిన ప్రశ్న గట్టిది. దానికి స్టూడియోలో ఎవరూ సూటిగా జవాబివ్వలేదు.)

మోడరేటర్: అందుకేనా పిల్లలు బెంగళూరు పోతున్నది? అక్కడ ర్యాంకు లేకుండా సీటిస్తామని ఏజెంట్లు ఊళ్లలోకి వస్తున్నారు...

యాజమాన్య ప్రతినిధి: నూటికి నూరుపాళ్లు అందుకే! రాసుకోండి.

సూపరింటెండెంట్: నన్ను పూర్తి చేయనివ్వండి. ఎంట్రన్స్‌లో ఏముంది? కౌన్సిల్ పెట్టిన పద్ధతిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్, నర్సింగ్ ఆప్టిట్యూడ్, ఒక్కోదానికి 20 మార్కులు. ఇవి ఎందుకు కావాలో వార్డులో తెలుస్తుంది. అర లీటరు సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించమని డాక్టర్ రాస్తారు. సెలైన్ ఎక్కించే గొట్టం సెట్ మిల్లీలీటరుకు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు పెట్టాలి? 42. ఈ లెక్క తప్పితే గుండె జబ్బున్న మనిషికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రాత్రి రెండు గంటలకు పక్కన డాక్టర్ ఉండడు. నర్సే లెక్క వేసుకోవాలి.

యాజమాన్య ప్రతినిధి: అది నేర్పడానికే కదా నాలుగేళ్ల కోర్సు, ఎనిమిది సెమిస్టర్లు! వచ్చేటప్పుడే అన్నీ వచ్చి ఉంటే కాలేజీ ఎందుకు?

సూపరింటెండెంట్: నేర్పుతున్నారా సార్? అదీ అడగాలి. కాలేజీకి సొంతంగా కనీసం 100 పడకల ఆస్పత్రి ఉండాలి. ఉందా? ఉంటే ఆ పడకల మీద రోగులున్నారా? సీటు మిగిలితే కటాఫ్ మీద నెపం వేస్తున్నారు. పిల్ల మూడో ఏడాదిలో ఉండి ఒక్క కాన్పు చూడలేదంటే ఆ తప్పు ఎంట్రన్స్‌ది కాదు.

యాజమాన్య ప్రతినిధి: (గొంతు పెంచి) ఇది అన్యాయం మేడమ్! ఆస్పత్రి కట్టడానికి ఎంతవుతుందో మీకు తెలుసా? ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు టైముకు రాదు. కన్వీనర్ కోటాలో చేరిన పిల్ల ఫీజు మాకెప్పుడో వస్తుంది, లెక్చరర్ల జీతం మాత్రం నెలాఖరుకు ఇవ్వాలి. సీట్లు ఖాళీ, ఫీజులు బాకీ. కాలేజీలు మూసేయమంటారా? మూసేస్తే ఆదోని పిల్ల, రాయచోటి పిల్ల ఎక్కడికి పోవాలి?

మోడరేటర్: బెంగళూరుకే.

యాజమాన్య ప్రతినిధి: బెంగళూరుకే! అదే చెప్తున్నా.

విద్యార్థి: సార్, నాకొక్క నిమిషం. నేను అనంతపురం దగ్గర పల్లెలో తెలుగు మీడియంలో చదివాను. ఎంట్రన్స్‌లో నాకు భయమంతా ఇంగ్లిష్ మీదే. చేరాక అనాటమీ పుస్తకం తెరిచినప్పుడు తెలిసింది, ఆ భయం ఊరికే పుట్టలేదని. కటాఫ్ తగ్గించినా నాలాంటోళ్లు మొదటి సెమిస్టర్‌లోనే ఆగిపోతారు. ముందు మాకు రెండు మూడు నెలలు ఇంగ్లిష్, లెక్కలు నేర్పే ఫౌండేషన్ క్లాస్...

మోడరేటర్: మంచి పాయింట్. మీరు మగపిల్లాడు కదా, నర్సింగ్‌లో మగవాళ్లకు సీటిస్తారా అని చాలామంది మెసేజ్‌లు పెడుతున్నారు.

విద్యార్థి: ఇస్తారు సార్. నేనున్నాను కదా. కానీ నేను చెప్పేది ఫౌండేషన్ క్లాస్ గురించి...

సూపరింటెండెంట్: కౌన్సిల్ రూల్‌లో అబ్బాయిలకు అడ్డులేదు. మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో బీఎస్సీకి మాత్రం అమ్మాయిలనే తీసుకుంటారు, దానికి నీట్ స్కోరు కావాలి. ఎయిమ్స్ వాళ్ల పరీక్ష వేరు, అక్కడ ఇంటర్‌లో 55 శాతం అడుగుతారు.

యాజమాన్య ప్రతినిధి: చూశారా, ఒక్కో చోట ఒక్కో పరీక్ష! పల్లెలోని తండ్రికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? అందుకే ఇంటర్ మార్కులు ఒక్కటే ఉంటే చాలు. ఒకటే కొలత.

లెక్చరర్: ఇంటర్ మార్కులు ఒకటే కొలత ఎలా అవుతాయి సార్? కార్పొరేట్ కాలేజీ పిల్లకూ, ల్యాబ్ తాళం ఏడాదికోసారి తీసే జూనియర్ కాలేజీ పిల్లకూ ఒకే...

యాజమాన్య ప్రతినిధి: మీ కాలేజీ ల్యాబ్ సంగతి మీరే చూసుకోవాలి, మాకు చెప్పకండి.

లెక్చరర్: నేను మా కాలేజీ అనలేదు!

(కాసేపు ల్యాబ్‌ల గురించే వాదన సాగింది. విద్యార్థి రెండుసార్లు చెయ్యెత్తాడు. అతని ఫౌండేషన్ క్లాస్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఈ చర్చలో పిల్లలకు రేపే పనికొచ్చే సూచన అదే.)

మోడరేటర్: ఫోన్‌లో ప్రొద్దుటూరు నుంచి ఒక అమ్మ ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా పాప బైపీసీ చదివింది, ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చినాయి. ఎంట్రన్స్‌లో కటాఫ్ రాలేదు. బెంగళూరులో సీటిప్పిస్తామని ఒకాయన ఇంటికొచ్చినాడు. అడ్వాన్స్ కట్టమంటున్నాడు, టీసీ, మార్కుల లిస్టు ఒరిజినల్స్ కూడా ఇప్పుడే ఇమ్మంటున్నాడు. ఇవ్వచ్చా సార్? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

మోడరేటర్: ఇదే! నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే!

సూపరింటెండెంట్: అమ్మా, ఒరిజినల్స్ అతని చేతికివ్వద్దు. కాలేజీలే ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకోకూడదని యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2018లోనే చెప్పింది. ఆ కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ అనుమతి, యూనివర్సిటీ అఫిలియేషన్ ఉన్నాయో లేదో చూడండి. ఏజెంటు చూపించిన ఫోటోలు నమ్మకండి, మీరే వెళ్లి ఆస్పత్రి చూడండి. ఇంకొక దారి కూడా ఉందమ్మా. జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా, మూడేళ్ల కోర్సు, దానికి ఇంటర్‌లో 40 శాతం చాలు, ఏ గ్రూపైనా పర్వాలేదు. అది పూర్తి చేసి రిజిస్టర్ అయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ...

యాజమాన్య ప్రతినిధి: అమ్మా, మీ పాప ఇక్కడే చదివేది, కటాఫ్ లేకపోతే! మీ ఇంటికి ఏజెంటు వచ్చాడంటే దానికి కారణం ఈ రూలే. మేడమ్ ఐదేళ్ల దారి చెప్తున్నారు. నేను నాలుగేళ్ల దారి అడుగుతున్నా.

సూపరింటెండెంట్: బెంగళూరు పోవడం కటాఫ్‌తో మొదలు కాలేదు సార్. ఎంట్రన్స్ లేని రోజుల్లోనూ పోయారు, ఏజెంట్లు అప్పుడూ ఉన్నారు.

మోడరేటర్: కానీ ఇప్పుడు ఎక్కువయ్యారు కదా మేడమ్?

సూపరింటెండెంట్: ఎక్కువయ్యారని మీరు ఏ లెక్క చూసి అంటున్నారు?

యాజమాన్య ప్రతినిధి: లెక్క ఎందుకండి, ఫోన్ వచ్చిందిగా! టీచింగ్ ఆస్పత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని లెక్క చెప్తారు. ఏ సర్వజన వైద్యశాలకైనా రాత్రిపూట వెళ్లి చూడండి, వార్డుకు ఎంతమంది ఉన్నారో. నర్సులు చాలట్లేదు. చాలనప్పుడు తలుపులు మూస్తారా, తెరుస్తారా?

సూపరింటెండెంట్: నర్సులు చాలకపోవడానికి కారణం పోస్టులు భర్తీ చేయకపోవడం. చదివిన పిల్లలు ఇంట్లో కూర్చున్నారు, ప్రైవేటులో చాలీచాలని జీతానికి పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నారు. సీట్లు నింపగానే వార్డులు నిండవు. ఆ తేడా...

మోడరేటర్: మేడమ్, టైమ్ అయిపోయింది. మొత్తం మీద చర్చలో వచ్చిన అభిప్రాయం ఏంటంటే, కటాఫ్ సడలించాలి, మన పిల్లలు బెంగళూరు పోకుండా...

సూపరింటెండెంట్: నేనలా అనలేదు. లెక్చరర్ గారూ అనలేదు.

లెక్చరర్: అవును, నేను పర్సంటైల్ బదులు కనీస మార్కు పెట్టొచ్చేమో అని అడుగుదామనుకున్నా, కటాఫ్ తీసేయమని...

యాజమాన్య ప్రతినిధి: కనీస మార్కూ వద్దు. ఇంటర్ పాస్, అంతే!

విద్యార్థి: సార్, ఫౌండేషన్ క్లాస్...

మోడరేటర్: ఆ అంశం మీద మరో రోజు ప్రత్యేకంగా మాట్లాడుకుందాం. ఇప్పుడు చిన్న విరామం.